అరువు తెచ్చుకున్న ఏడుపు

నిన్న మధ్యాహ్నం మా కోడలు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, ఒక చేత్తో పాలు తీసే మిషను పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునింది. ఫోనులో పసిబిడ్డ ఏడుపు. ఎవరి బిడ్డో కాదు, మా మనవరాలే. నెలలు నిండకముందే పుట్టిందని ఈ ఆదోనిలోనే పిల్లల ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టినారు, తల్లిని మాత్రం ఇంటికి పంపించినారు. బిడ్డ ఏడుపు వింటా ఉంటే పాలు బాగా దిగుతాయని అక్కడి సిస్టరమ్మ ఫోనులో పట్టి ఇచ్చిందట. మిషను దాని పాటికది గుర్రుమంటా ఉంది గానీ, సీసా అడుగు కూడా సరిగా తడవలేదు. ఆ పాలు ఎత్తుకుపోవడానికి మా కొడుకు బండి తాళం చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. కోడలు కళ్ళు తెరిచి ఆ సీసా వైపు చూసింది. ఇదే ఊళ్ళో, అదిగో ఆ వాకిట్లో నిలబడినవాడి కోసమే, నేనూ ఒకప్పుడు అట్లే చూసినాను.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. పొద్దున లేస్తే వీధంతా మగ్గాల చప్పుడు, అది ఆగిందంటే ఎవరింట్లోనో ఏదో అయిందని అర్థం. నాకు ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చినాయి, మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయినాయి. ఏడో నెల బిడ్డయినా బతుకుతాడు గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవడని మనవాళ్ళకు ఒక పాడు మాట ఉంది చూడండి, దాన్ని ఎవరూ నా ముందర అనలేదు, కానీ చూడ్డానికి వచ్చిన ప్రతి ముఖంలోనూ కనపడింది. పురుడు పోసిన డాక్టరమ్మ బిడ్డను చూసి వెంటనే ఆదోనికి తీసుకుపొమ్మనింది. అద్దె జీపులో మా అమ్మ వాణ్ణి దూదిలో చుట్టి రొమ్ముకు అదుముకుని కూర్చుంటే, జీపు గుంతలో పడినప్పుడల్లా నేను వంగి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. బస్సులో ఇట్టే అయిపోయే దావ, ఆ రోజు ఎంతకీ తెగలేదు.

ఆదోనిలో వాణ్ణి గాజుపెట్టెలో పెట్టి, పీల్చే బలం లేదని ముక్కులో సన్న గొట్టం వేసినారు. డబ్బాపాలు పోసి చూస్తే కడుపు ఉబ్బి, కక్కుకుని, రంగు మారినాడు. ఇంక తల్లిపాలు తప్ప దారి లేదని డాక్టరు చెప్పి పోయినాడు, చెప్పినంత సులభంగా అవి వస్తే కదా! అప్పట్లో కరెంటు మిషన్లు యాడివి? మందుల అంగట్లో ఒక గాజు గొట్టం అమ్మేవాళ్ళు, దాని వెనక పాతకాలం ఆటో హారను మాదిరి ఒక రబ్బరు బుడ్డ ఉండేది. దాన్ని నొక్కి వదిలితే ప్రాణం లాగినట్టుండేది, వచ్చేది నాలుగు చుక్కలు. వేళకు సిస్టరమ్మ స్టీలు గిన్నె పట్టుకుని వరండాలో నడిచి వస్తుంటే ఆ చెప్పుల చప్పుడుకే నా రొమ్ములు రాళ్ళయ్యేవి. ఆమె గిన్నెలోకి తొంగిచూసి ఏమీ అనేది కాదు, ఇంతేనా అని కూడా అనేది కాదు. అనింటే బాగుండు అనుకునేదాన్ని. బిడ్డ చచ్చిపోతాడని భయం, నా చేతులారా చంపుకుంటున్నానని అంతకంటే పెద్ద భయం. వెల్లుల్లి తిన్నాను, మునగాకు తిన్నాను, మెంతుల గంజి తాగి తాగి నా చెమట కూడా మెంతుల వాసన కొట్టేది. దేనికీ పాలు పడలేదు.

వీటన్నిటి మీద మా అమ్మ కట్టడి ఒకటి. తల్లులను ఉంచిన హాల్లో నాలాంటి బాలింతలు ఇంకా ఉన్నారు. ఇద్దరు బాలింతలు ఒకరి మొగం ఒకరు చూసుకుంటే ఒకరి పాలు ఇంకొకరికి పోతాయని అమ్మకు గట్టి నమ్మకం. నవ్వకండి, మీ ఇండ్లలోనూ ఇట్లాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అమ్మ, నాకంటే ముందు పుట్టిన బిడ్డను పాలు లేకనే పోగొట్టుకునింది. పక్కింటి బాలింతకు ఎదురుపడినందుకే అని పెద్దవాళ్ళు ఆ నింద ఆమె నెత్తిన వేసినారట. అందుకని ఆసుపత్రికి వచ్చిన రోజే తన పాత చీర తాడు మీద వేసి నా మంచం చుట్టూ తెర కట్టేసింది. గాజుపెట్టె దగ్గరికి పోవాల్సి వస్తే నా కొంగు ముఖం మీదికి లాగి, గానుగెద్దును తోలినట్టు నన్ను నడిపించుకుని పోయేది.

ఒక మధ్యాహ్నం అమ్మ ఊళ్ళో తెలిసినవాళ్ళింట్లో గంజి కాచుకొస్తానని పోయింది. తెర అవతల మంచం మీద ఒక బిడ్డ ఏడవడం మొదలుపెట్టినాడు. అంతకుముందూ ఏడ్చేవాడు గానీ, అమ్మ ఏదో ఒకటి మాట్లాడతా ఆ ఏడుపు నా చెవిన పడనిచ్చేది కాదు. ఆ రోజు అది నేరుగా వచ్చి నాకు తగిలింది. ఒళ్ళంతా జల్లుమనింది, చూసుకుంటే రవిక తడిసింది. చేపు వచ్చింది, పాలు వాటంతటవే దిగినాయి! రబ్బరు బుడ్డ వెతుక్కుని పెట్టుకునేలోగా ఆ తల్లి బిడ్డకు పాలిచ్చింది, వాడు ఊరుకున్నాడు, నా పాలూ ఊరుకున్నాయి. అప్పుడు ఏడ్చినాను చూడండి, కాన్పు అయినప్పటి నుంచి ఆపుకున్నదంతా. ఎనుమును పిండాలంటే దూడను తెచ్చి ముందర కట్టాలని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ బాలింతకు దూడ దగ్గర లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

"ఏంటికక్కా అంత ఏడుస్తాండావు?" అని ఆ తల్లి తెర అవతల నుంచి అడిగింది. కోడుమూరు పక్క పల్లె నుంచి మొగుడితో కలిసి ఇక్కడ పత్తి మిల్లులో కూలికి వచ్చిన మనిషి, బిడ్డకు కామెర్లని చేర్చినారు. ఇవన్నీ తెర గుండా నా చెవిన పడినవే. నేను ఉన్నదున్నట్టు చెప్పేసినాను. విని ఆమె, తన బిడ్డకు మళ్ళా ఆకలైనప్పుడు వాణ్ణి నా దగ్గరికి ఎత్తుకొస్తానని, కొంచేపు ఏడవనిస్తానని, నన్ను పిండుకోమని చెప్పింది. వద్దు తల్లీ, నీ పాలు నాకో నా పాలు నీకో పోతాయి అన్నాను.

"నాకూ తెలుసులేక్కా. మొగాలు సూసుకోవద్దు. ఈపుకు ఈపు పెట్టి కూసుందాం."

అన్నట్టే తెర కదిలింది. ఆమె వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి నా వీపుకు ఆనుకుని కూర్చునింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. వాడు ఆకలికి గుక్కపట్టినాడు. ఆమె ఓ ఓ అని ఊరడిస్తుందే గానీ పాలియ్యలేదు. బిడ్డ ఏడ్చే కొద్దీ ఆమె వీపు వణకడం నా వీపుకు తెలుస్తా ఉంది. నాకు పాలు దిగినాయి. చుక్కలు కాదు, ధార. చాలునా అక్కా అని ఆమె, ఇంకొంచెం ఇంకొంచెం అని నేను. కన్నబిడ్డ ఏడుపును ఎంతసేపని ఓర్చుకుంటుంది ఏ తల్లయినా?

అంతలో అమ్మ వచ్చింది. గంజి చెంబు పట్టుకుని తెర దగ్గర కొయ్యబారిపోయింది. ఇంక ఆసుపత్రి ఎగిరిపోతుంది అనుకున్నాను. ఆమె నా చేతిలో గొట్టం చూసింది, మా ఇద్దరి వీపులు చూసింది. చూసి, నాకని కాచుకొచ్చిన గంజి గ్లాసులో పోసి ఆ పిల్ల చేతికి ఇచ్చింది. "తాగమ్మా, నీ పాలు యాడికీ పోకూడదు" అనింది. ఆ పొద్దు నుంచి అమ్మ గంజి ఇద్దరికీ కాచింది.

గిన్నె చూసి సిస్టరమ్మ తొలిసారి నవ్వింది. భయం పోయిందా అంటే పోలేదు. ప్రతి వేళకూ ఈసారి పాలు రావేమోనని భయమే, ఆ బిడ్డకు కామెర్లు తగ్గితే వాళ్ళు ఇంటికి పోతారేమోనని ఇంకో భయం. తగ్గకపోతే బాగుండునని మనసు అనబోతే నాలిక కరుచుకునేదాన్ని. చివరికి వాడికి తగ్గింది, నేను గాజుపెట్టె దగ్గర ఉన్నప్పుడు వాళ్ళు పోయినారు, తిరిగి వచ్చి చూస్తే మంచం ఖాళీ. అప్పటికి ఆ ఏడుపు నా చెవుల్లో నిలిచిపోయింది, తలుచుకుంటే చాలు చేపు వచ్చేది. కొన్నాళ్ళకు మా వాడు పెట్టెలోంచి బయటికి వచ్చి, నా రొమ్ము పట్టి పీల్చినాడు. ఎనిమిదో నెల బిడ్డ నిలిచినాడు.

చాలా ఏండ్లకు అమ్మ ఒక మాట చెప్పింది. నా దగ్గర నుంచి తన మంచానికి పోయిన ప్రతిసారీ ఆ పిల్ల గోడ వైపు తిరిగి, రొమ్ము నొక్కి, అరచేతిలో ఒక చుక్క పడేదాకా చూసుకునేదట. పడితే, ఉండాయి పెద్దమ్మా అని అమ్మతో చెప్పి నవ్వేదట. పాలు పోతాయని నమ్మింది, పోయినాయేమోనని వణికింది, మళ్ళా వేళకు వెనక్కి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

నిన్న నేను కోడలికి ఏ కథా చెప్పలేదు. కొంచెం ముందుకు జరుగమ్మా అని, గోడకూ ఆమెకూ నడుమ దూరి, వీపుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఏందత్తా ఇది అని అడిగి, ఆమే నెమ్మదిగా నా మీదికి ఒరిగింది. వచ్చినన్ని పాలే సీసాలో పట్టుకుని కొడుకు బండెక్కినాడు. ఈ కాలంలో ఎవరూ ఆ పాత మాటలు నమ్మరు, బాలింతలకు తెరలు కట్టరు, మంచిదే. ఫోను ఎంతసేపు ఏడవమంటే అంతసేపు ఏడుస్తుంది, ఆపమంటే ఆపుతుంది, దానికి పోగొట్టుకునేది ఏమీ లేదు. తర్వాత మా కాపురం ఈ ఊరికే మారింది, ఇన్నేండ్లుగా ఇక్కడే ఉన్నాను, ఆ ఏడుపు అరువిచ్చిన ఆమె మార్కెట్టులో ఎన్నిసార్లు నాకు ఎదురుపడిందో ఏమో, ముఖం చూసి ఉంటే కదా గుర్తుపట్టడానికి. వీపు తగిలితే మాత్రం తెలుస్తుందనుకుంటాను.