మొదటి క్యాబిన్ మాస్టారు

అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో, ఉగ్రవాదిని ఆమడ దూరం నుంచే పసిగట్టగలనని నాకు గట్టి నమ్మకం. ఏదో పట్నంలో బాంబు పేలాక పోలీసులు వచ్చి, వచ్చినవాళ్ళ పేర్లు రిజిస్టరులో రాయమని, కంప్యూటర్ తెరల మీద ఓ కన్నేసి ఉంచమని చెప్పి వెళ్ళారు. ఇక చూడండి నా దర్జా! కొబ్బరికాయ కొనేవాడు తట్టి చూసినట్టు, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాణ్ణీ ఎగాదిగా చూసేవాణ్ణి.

ఒక్క మాస్టారి పేరు మాత్రం ఎప్పుడూ రాయలేదు. మా వీధిలోనే ఉండే రిటైరైన పెద్దమనిషి. నలగని పంచె. టీ తెచ్చేవాణ్ణి కూడా 'అండీ' అనే పలకరిస్తారు. అలాంటాయనకి రిజిస్టరేమిటి? మొదటి క్యాబిన్ ఆయనదే. తెలుగులో టైపు చేయడం నేనే పక్కన కూర్చుని నేర్పాను. ఏదో చర్చల గుంపులో రోజూ రాస్తుంటే, భక్తి విషయాలు కాబోలనుకున్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత.

ఓ ఉదయం మా వీధి వెనక పేట నుంచి ఒకావిడ వచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి వీసా మెయిల్లో వచ్చిందట. ప్రింటు తీసి పన్నెండులోగా రాజోలు ఏజెంటుకి ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుందట. తెరిచాను. తెర నిండా అరబ్బీ అక్షరాలు! ఉగ్రవాదం దొరికిందనుకున్నాను. మాస్టారిని పిలిచాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఇలాంటివి మనకెందుకండీ, పోలీసులకి చూపించేయండి" అన్నారు. ఆవిడ ఎంత బతిమాలినా వినలేదు నేను. కానిస్టేబులు తీరిగ్గా వచ్చి, ఇది వీసా కాగితమేనని నవ్వి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. ఆ పని ఇంకొకరికి పోయింది.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది, ఇంకేదైనా మెయిల్ వచ్చిందేమో చూడమని. నాకు మొహం చెల్లలేదు. మాస్టారు అప్పుడే బయటికి వెళ్ళారు కదా అని మొదటి క్యాబిన్‌లో కూర్చోబెట్టాను. ఆయన రాసుకున్న పేజీ మూయకుండానే వెళ్ళారు. ఆవిడ కూడబలుక్కుని పైకే చదివింది.

"మా వెనక పేటలో ఒక్క ఇల్లు కూడా మిగలకూడదండీ. మీరు ముహూర్తం చెప్పండి, కిరసనాయిలు నేను తెస్తానండీ."

కింద పదిమంది భేష్ అని రాశారు. ఎంత మర్యాద!

"మా పేటేనండీ ఇది" అంది. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "ఈ అక్షరాలు మీకు వచ్చు కదండీ?"

"ఆయ్" అన్నాను.