ఒక నిమిషం వీడియో కోసం నరసాపురం పంటు దాటిన రోజు

మా డిగ్రీలో ఆఖరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే. తరగతులుండవు. ఏదో ఒక సంస్థలో పనిచేసి, వాళ్ల సంతకంతో సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే మార్కులు వేస్తారు. మా క్లాసులో చాలామంది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కానిచ్చేశారు. నాకు జనంతో మాట్లాడే పని ఇష్టం కాబట్టి రాజమండ్రి దానవాయిపేటలో నలుగురే పనిచేసే ఒక చిన్న పీఆర్ ఆఫీసులో చేరాను. కంపెనీలకూ కాలేజీలకూ ప్రెస్ నోట్లు రాయడం, విలేకరుల్ని పిలవడం, వీడియోలు చేయించడం అక్కడి పని. యజమాని మూర్తిగారు చాలా ఏళ్లు పత్రికల్లో పనిచేసి వచ్చిన మనిషి. నాలుగు వారాలపాటు నాచేత ప్రారంభోత్సవాల నోట్లు రాయించి, ఎర్ర సిరాతో దిద్దుతూ వచ్చారు. ఐదో వారంలో, ఒక బుధవారం సాయంత్రం, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోమన్నారు.

నరసాపురం వైపు ఉన్న ఒక రొయ్యల ప్లాంటు మా ఆఫీసుకు క్లయింటు. రొయ్యలను గడ్డకట్టించే గదుల్లో వాడే అమోనియా నాలుగు రోజుల కిందట లీకై, పదకొండు మంది ఆడకూలీలు కళ్లు తిరిగి పడిపోయారు. అందరూ కోలుకున్నారని కంపెనీ అంటోంది. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు ప్రెస్ మీట్ పెట్టుకున్నారు. ఆలోగా, ఎక్కువ జబ్బుపడిన నాగలక్ష్మి అనే ఆవిడ చేత "నేను బాగున్నాను" అని ఒక నిమిషం వీడియో తీసి పంపాలి. "మగాళ్లు వెళ్తే ఆవిడ సరిగ్గా మాట్లాడదు ప్రసన్నా. నువ్వు వెళ్లు. రెండు గంటలకల్లా వీడియో నా ఫోన్లో ఉండాలి. ఇది చేసుకొచ్చావంటే నీ సర్టిఫికెట్ మీద నేనే నాలుగు మంచి మాటలు రాస్తాను," అన్నారు మూర్తిగారు. నాకు గర్వంగానే అనిపించింది. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

గురువారం పొద్దున్న ఐదున్నరకు రాజమండ్రి కాంప్లెక్సులో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. కార్డు జిరాక్సు కాదు, అసలుది పట్టుకెళ్లండి. నా ముందు సీటావిడ జిరాక్సు తీస్తే కండక్టర్ ఒప్పుకోలేదు. రావులపాలెం, సిద్ధాంతం, పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు మీదుగా మూడు గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూర్చున్నా దారి చూసింది తక్కువ. ఆవిడ మాట్లాడకపోతే ఏం చేయాలి, ఏడిస్తే ఏం చేయాలి అని ఫోన్లో ప్రశ్నలు రాసుకుంటూ కూర్చున్నాను. నరసాపురం బస్టాండు ఎదురు సందులో డిబ్బరొట్టె తిన్నాను. అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా, పక్కన చెరకు పానకంతో పెట్టారు. రొట్టె వేస్తున్న పెద్దావిడ నా మెడలో ఐడీ కార్డు చూసి, "ఏ ఆఫీసు అమ్మా?" అని అడిగింది. రొయ్యల కంపెనీ పని మీద వచ్చానన్నాను. ఆవిడ మూకుడు మీద మూత పెట్టి, "ఆ గేసు పోయిన కంపెనీయా?" అంది.  నేను కార్డు తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకు ఆటోలో ప్లాంటుకు వెళ్తే గేటు దగ్గరే గంటకు పైగా కూర్చోబెట్టారు. చివరికి హెచ్.ఆర్. అధికారి వచ్చి, కంపెనీ స్టిక్కరు అంటించిన పళ్ల సంచీ, ఒక టైపు కాగితం ఇచ్చాడు. కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. "నేను ఇప్పుడు పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను. యాజమాన్యం మమ్మల్ని సొంత మనుషుల్లా చూసుకుంది. అనవసరమైన పుకార్లు నమ్మవద్దు. త్వరలో తిరిగి పనిలో చేరుతున్నాను."

"ఆవిడ ఇలా మాట్లాడుతుందాండీ?" అన్నాను.

"మీరు చదివి వినిపించండి, ఆవిడ అంటుంది. పనిలోకి తిరిగి తీసుకోవడం ఈ వీడియోని బట్టే ఉంటుందని ఆవిడకి తెలుసు లెండి," అన్నాడు. అంటూనే ఫోనెత్తి వేరే మాటల్లో పడిపోయాడు. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని బయటికొచ్చాను.

నాగలక్ష్మి ఇల్లు నదికి అవతల, సఖినేటిపల్లి వైపు. ఆ వైపు నుంచి చాలామంది రోజూ వశిష్ఠ గోదావరి దాటి పనికి వస్తారు. నరసాపురం రేవులో పంటు ఎక్కాలి. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు అన్నీ ఒకే బల్లకట్టు మీద వెళ్తాయి. మనిషికి ఇరవై రూపాయలు కూడా కాదు. మామూలుగా పావుగంటలో అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. నేనెక్కిన పంటు పదకొండున్నరకు బయలుదేరి, నది మధ్య దాటాక ఒక్కసారి కిందనుంచి గరగరమని శబ్దం చేసి ఆగిపోయింది.

"ఏమైందండీ?" అని పంటు నడిపే ఆయన్ని అడిగాను.

"పాటు మీదుందమ్మా. నీళ్లు లాగేశాయి, కింద ఇసుక మేట తగిలింది. పోటు తిరిగితేగానీ కదలదు."

"ఎంతసేపు పడుతుందండీ?"

"గోదారి మన మాట వింటదేంటమ్మా? అరగంట అవ్వచ్చు, గంట అవ్వచ్చు."

ఎండ నడినెత్తికి వస్తోంది. ఇనుప రేకు మీద కాళ్లు కాలుతున్నాయి. మూర్తిగారు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి, "ఈ వీడియో లేకపోతే వాళ్లు మనతో కాంట్రాక్టు రద్దు చేసుకుంటారు. నీకర్థమవుతోందా?" అన్నారు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. అక్కడ ఆటోలు కనిపిస్తున్నాయి. ఈత వచ్చుంటే దూకేసేదాన్నేమో అన్నంత కంగారుగా ఉంది. యాభై నిమిషాల తర్వాత పంటు మెల్లగా పైకి లేచి కదిలింది. రేవు నుంచి ఆటోలో ఆ ఊరు చేరేసరికి ఒంటిగంటా పది.

రెండు గదుల రేకుల ఇల్లు. నాగలక్ష్మి అత్తగారు సూరమ్మగారు గుమ్మంలోకొచ్చి, "ఆయ్, రండమ్మా, కంపెనీ వాళ్లేనా?" అంది. నాగలక్ష్మికి ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. భర్త లారీ మీద ఒడిశా వెళ్లాడట. ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే కొత్త చీర కొంగు సర్దుకుంది. నా కోసమే కట్టుకున్నట్టుంది.

కాగితంలోని వాక్యాలు చదివి వినిపించాను. శ్రద్ధగా వింది. మొదటిసారి రెండో వాక్యం దగ్గర దగ్గు వచ్చింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి మధ్యలో ఆగి, "పూర్తి ఆరోగ్యం అని కాకుండా కొంచెం నయమే అనొచ్చాండీ?" అని అడిగింది. నేను టైము చూసుకున్నాను. ఒకటీ ముప్పై ఐదు. "కాగితంలో ఉన్నట్టే అనేద్దాం అక్కా, ఒక్కసారే కదా," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ అనిపించలేదు.

మూడోసారి ఆవిడ గట్టిగా ఊపిరి తీసుకుని, నాలుగు వాక్యాలూ తడుముకోకుండా చెప్పి, చివర్లో నవ్వింది కూడా. ముప్పై ఎనిమిది సెకన్లు. చాలా బాగా వచ్చింది. నాకు సంతోషమేసింది. అబద్ధం చెప్పను, నిజంగా సంతోషమేసింది. మూర్తిగారి నంబరుకు పంపడానికి తలవంచాను.

"లక్ష్మీ! లక్ష్మీ!" అన్న అరుపుకు తలెత్తాను. నాగలక్ష్మి ముందుకు వంగిపోయి, రెండు చేతులూ మంచం మీద ఆనించి గాలి కోసం ఎగబీలుస్తోంది. లోపలికి పోతున్న ప్రతి ఊపిరికీ ఈలలాంటి చప్పుడు. పెదాలు నల్లబడుతున్నాయి. అంతసేపూ ఆవిడ దగ్గును బలవంతంగా బిగబట్టుకుందని నాకప్పుడు అర్థమైంది.

"ఆసుపత్రి కాగితాలేమన్నా ఉన్నాయాండీ?" అని సూరమ్మగారిని అడిగాను. దిండు కింద నుంచి చీటీ తీసిచ్చింది. కంపెనీ చేర్పించిన ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌ది. ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలని ఇంగ్లీషులో రాసి, కింద గీత గీసి ఉంది.

"రాత్రి నుంచీ ఇలాగే వస్తందమ్మా. గవర్నమెంటాసుపత్రికి ఎల్తే పోలీసు కేసవుద్ది, కంపెనీ మూసేస్తారు, అందరి పనీ పోద్ది అని కంపెనీవోళ్లు చెప్పి ఎల్లారు. అందుకే ఎల్లలేదు," అంది సూరమ్మగారు. 

మూర్తిగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ముందు వీడియో పంపించెయ్. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లు. రెండూ చెయ్యొచ్చు కదా," అన్నారు.

"తర్వాత పంపుతాను సార్," అని పెట్టేశాను. అంత ధైర్యం ఎక్కడిదో తెలియదు. ఆ నిమిషంలో ధైర్యమని కూడా అనిపించలేదు. చేతులు ఖాళీగా లేవు, అంతే.

నన్ను తెచ్చిన ఆటో ఇంకా సందు చివరే ఉంది. ఇద్దరం కలిసి నాగలక్ష్మిని ఎక్కించాం. మలికిపురం మీదుగా రాజోలు అరగంట పైనే. ఆవిడ తల నా భుజం మీద పెట్టుకుని కూర్చుంది. ప్రతి గతుకుకూ ఆ ఈల చప్పుడు ఆగిపోయేది, మళ్లీ వచ్చేదాకా నా ఊపిరీ ఆగేది. "పడుకోబెట్టకండమ్మా, కూర్చోబెట్టే ఉంచండి," అంటూ డ్రైవరు వెనక్కి చూసుకుంటూ నడిపాడు. ప్రభుత్వాసుపత్రిలో లోపలికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి, "ఊపిరితిత్తుల్లో వాపుంది. సాయంత్రం దాకా ఇంట్లో ఉంచుంటే ఏమయ్యేదో చెప్పలేకపోయేదాన్ని," అంది. ఏం జరిగిందని అడిగింది. సూరమ్మగారు నా వైపు చూసింది. నేను అమోనియా సంగతి చెప్పాను. డాక్టరమ్మ రిజిస్టరులో రాసుకుని, నియమం ప్రకారం పోలీసులకు తెలియజేయాలని చెప్పింది.

మూడింటికి పావుగంట ముందు నన్ను లోపలికి వెళ్లనిచ్చారు. మాస్కు కింద నాగలక్ష్మి మొహం కాస్త తేటపడింది. ఫోన్లో వీడియో చూపించి, "ఇది పంపమంటారా అక్కా? మీరు వద్దంటే పంపను," అన్నాను. పనిలోకి పిలవరేమోనన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆవిడ మాస్కు పక్కకు జరిపి, "నేను బాగున్నానని సూసి, మిగతా పదిమందీ కూడా ఇంట్లోనే ఉండిపోతారండి," అంది. ఆయాసం తీర్చుకుని, "వద్దండి," అంది.

ఆమె చూస్తుండగానే వీడియో ఫోన్లోంచి చెరిపేశాను. బయట బెంచీ మీద కూర్చుని మూర్తిగారికి మూడు వాక్యాల నోట్ రాసి పంపాను: ఒక కార్మికురాలికి ఆయాసం తిరగబెట్టింది, ప్రభుత్వాసుపత్రిలో చికిత్స జరుగుతోంది, మిగతా పదిమందికీ మళ్లీ పరీక్షలు చేయించాలి. కంపెనీ ఇదే చెబితే మంచిదని కింద చేర్చాను. నీలిరంగు టిక్కులు పడ్డాయి. 

ఐదున్నరకు రాజోలులో బస్సెక్కి, తాటిపాక, పి.గన్నవరం, కొత్తపేట మీదుగా తిరిగొచ్చాను. పంటు మీద ఆధారపడక్కర్లేని దారి ఇది. రావులపాలెం దాటాక మూర్తిగారి ఫోన్ వచ్చింది. ప్రెస్ మీట్‌లో అందరూ క్షేమమని మేనేజరు చెప్పగానే, ఆసుపత్రి నుంచి పోలీసులకు వెళ్లిన కబురు విన్న ఒక విలేకరి, రాజోలులో చేరినావిడ సంగతేంటని అడిగాడట. మేనేజరు మీట్ అక్కడితో ముగించి లేచిపోయాడట. కాంట్రాక్టు పోయిందని చెప్పి, "నువ్వు చేసింది తప్పని నేననను. కానీ రేపట్నుంచి ఆఫీసుకు రావద్దు," అన్నారు. గొంతులో కోపం లేదు. బాగా అలిసిపోయినట్టుంది. కొత్తపేటలో కొనుక్కున్న వేరుశనక్కాయల పొట్లం నా చేతిలోనే మెత్తబడిపోయింది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మర్నాడు అధికారులు ఇళ్లకెళ్లి మిగతా పదిమందికీ పరీక్షలు చేయించారు. ఇద్దరిని ఆసుపత్రిలో చేర్చారు. నాగలక్ష్మిని కాకినాడ పంపారు. తొమ్మిది రోజులకు ఇంటికొచ్చింది. ప్లాంటు కొన్నాళ్లు మూతపడింది. పని పోయిన కోపంతో ఆ సందులో కొందరు సూరమ్మగారితో మాట్లాడడం మానేశారు. ఊరి పేరు రాయకపోవడం అందుకే. ఇప్పుడు నాగలక్ష్మి ఇంట్లోనే లేసు అల్లుతోంది. మునుపటంత డబ్బు రాదు, మెట్లెక్కితే ఇంకా ఆయాసం. మూర్తిగారు నేను పనిచేసిన వారాలకు లెక్కకట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో 'పనితీరు' అన్న చోట ఖాళీగా వదిలేశారు. మిగిలిన వారాలు అంబాజీపేటలో కొబ్బరి పీచు వస్తువులు చేసే మహిళా సంఘంలో పూర్తిచేశాను.

పీఆర్ చెడ్డ పని అని నేననను. ఆ రోజు ఆ మూడు వాక్యాల నోట్ రాసింది కూడా పీఆరే. అందులోనే ఉద్యోగం వెతుక్కుంటున్నాను. కానీ మూడో టేక్ గుర్తొచ్చినప్పుడల్లా ఒకటే ఆలోచన. ఇంకో రెండు నిమిషాలు ఆవిడ దగ్గును బిగబట్టగలిగి ఉంటే, నేను ఆ వీడియో పంపించేసి, పళ్ల సంచీ చేతికిచ్చి, సమయానికి పని ముగించానన్న సంతృప్తితో రేవుకు వెళ్లిపోయేదాన్ని. ఆవిడ ఆ రోజు బతికి బయటపడింది నా మంచితనం వల్ల కాదు, దగ్గు ఆగకపోవడం వల్ల. ఆ సంగతి మర్చిపోకూడదనే ఇది రాస్తున్నాను.

ఇలాంటి పని మీద వెళ్లే విద్యార్థులకు నేను చెప్పగలిగిన సూచన ఒక్కటే: జబ్బుపడి లేచిన మనిషి ఎదుట కెమెరా తీసేముందు, వాళ్ల ఆసుపత్రి చీటీ అడిగి చివరి గీత దాకా చదవండి.