తాత పోసింది విషం కాదు

అక్షరాల్లో తప్పులుంటే, రాత వంకరగా ఉంటే మన్నించండి. ఆరో తరగతితోనే నా చదువు ఆగిపోయింది. మన వాడకట్టు కాంపౌండర్ తాత తొమ్మిది రోజుల కింద పోయాడు. పాడె మోయడానికి పక్క వాడ నుంచి మనుషుల్ని పిలవాల్సి వచ్చింది. మీరెవరూ రాలేదు. ఎందుకు రాలేదో మీకు తెలుసు. నాకు తెలిసింది మీకు తెలియదు.

తాత పశువుల దవాఖానలో పనిచేసి రిటైరయ్యాడు. కుక్కపిల్ల వాంతులు చేసుకుంటోందని ఎవరు పిలిచినా సైకిలు మీద వచ్చేవాడు. నెత్తురు విరేచనాల వాసన గుమ్మంలోనే పసిగట్టి, "పార్వో" అని మెల్లగా ఆ అంటురోగం పేరు చెప్పేవాడు. సెలైన్ ఎక్కించి, అది అయిపోయేదాకా పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. వెళ్లే ముందు ఆ చోటంతా బ్లీచింగ్ నీళ్లు పోసి, తన చెప్పులు కూడా ముంచేవాడు.

"సబ్బుకు సావది బిడ్డా ఇది. నెలలకు నెలలు మట్టిలనే ఉంటది. నా చెప్పుల ఎంబడి ఇంకో ఇంటికి పోవద్దు" అనేవాడు. కొత్త కోడలిని, ఎవరితోనూ నోరు విప్పలేనిదాన్ని. నాతో ఇవన్నీ ఓపిగ్గా చెప్పింది ఆయనొక్కడే.

మా బావ, అంటే నా భర్త అన్న, మా పెరట్లో బోన్లు పెట్టి కుక్కపిల్లల్ని అమ్ముతాడు. పోయిన వానాకాలం ఒక బోనులో పిల్లలన్నీ ఆ రోగంతోనే చచ్చిపోయాయి. తాత గోడ మీంచి చూశాడు.

"ఆ బోన్ల ఇప్పట్ల ఏం పెట్టకు కొడుకా. టీకాలేసినవా?"

"అన్నీ ఏసిన. నీకేం ఫికర్ తాతా? నీ పింఛన్ నువ్వు తిను, నా దందా నన్ను చేసుకోనియ్యి."

టీకాలు వేయలేదు. ఆ బోనును ఉత్త తడిగుడ్డతో తుడిచింది నేనే, బావ తుడవమన్నాడని. నాలుగో రోజు అందులోకే కొత్త పిల్లలు వచ్చాయి. మీరు కొన్నది వాటినే. మీరు పిలిస్తే తాత వచ్చి సెలైన్ ఎక్కించి, బ్లీచింగ్ నీళ్లు పోసి వెళ్లినా అవి మీ ఇళ్లలో చచ్చిపోయాయి.

మీరు అడగడానికి వస్తే బావ ఏమన్నాడో గుర్తుందా? "ముసలోడు నీళ్లు పోసినంకనే సచ్చినయ్ గదా! అండ్ల ఏం కలుపుతాండో ఏమో."

మీరు నమ్మారు. మీలో ఒకరు ఆయన బకెట్‌ను తన్నారు. "మా గేటు ముట్టకు తాతా, జర దూరం నిలవడు" అన్నారు ఇంకొకరు. ఆయన "మంచిది బిడ్డా" అని సైకిలు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఇదంతా పరదా వెనక నిలబడి విన్నాను. ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు అంటున్నాను. తాతకు విషం పెట్టేవాడనే పేరు తెచ్చినవాడు మీ అందరి ముందు తల దించుకోవాలి. అది నేను చూడాలి.

రేపు తాత పదకొండో దినం. భోజనాలకు ఈసారి మిమ్మల్నందరినీ పిలిచిందట ఆయన కూతురు. వడ్డించడానికి నన్ను రమ్మంది. బావ అందరికంటే ముందు కూర్చుంటాడు. "మంచోడుండె పాపం" అంటాడు. ఆ మాట అనగానే మీలో ఒకరు లేచి ఈ కాగితాన్ని గట్టిగా చదవండి. బావ పేరు నేను పలకకూడదు, 'బావ' అని ఉన్నచోటల్లా మీరు ఆయన పేరు పెట్టండి. చదివాక ఆయన చేతికి చిక్కకుండా వంట పొయ్యిలో వేసి కాల్చేయండి.

నేను పప్పు గిన్నె పట్టుకుని ఆయన విస్తరి ముందే నిలబడి ఉంటాను. "ఇంకింత ఎయ్యాల్నా బావా?" అని అడుగుతాను.