ఎండుటాకుల తోట

మా మామగారు ఎలూతేరియోను కొండమీది కాఫీ తోటలవాళ్ళంతా సోమరిపోతు అనేవారు. ఆయన తోటలో నీడచెట్లన్నిటికీ తీగలు అల్లుకుపోయేవి. వాటిలో చేటలంత ఎండుటాకులు చుట్టలు చుట్టుకుని వేలాడేవి. పక్కవాళ్ళ తోటలు ఊడ్చిన వాకిళ్ళలా ఉంటే, మాది చూసి నాకు చచ్చేంత నామోషీగా ఉండేది.

ఆయనకు ఒకటే పిచ్చి. ఏటా అక్టోబరులో ఉత్తరాదినుంచి ఒక చిన్న పిట్ట వచ్చేది. బూడిదరంగు ఒళ్ళు, నల్ల గొంతు, నెత్తిన పసుపు. ఏప్రిల్ దాకా మా తోటలోనే మకాం. చూపు మందగించి రెండేళ్ళుగా అది కనబడటం లేదని, దాన్ని చూడటానికే జనవరిలో కంటి ఆపరేషనుకు ఒప్పుకున్నారు. యోరో పట్నంలో పది రోజులు ఉండిపోయారు.

ఆ పది రోజుల్లోనే నేను చేయకూడని పని చేశాను. మా పాప జ్ఞానస్నానానికి జ్ఞానతల్లి ఒదీలియా రావాలి. ఆవిడ నోరు మంచిది కాదు. "ఏమే నోల్వియా, పామేదో తీగేదో తెలియని ఆ తోటలోంచేనా బిడ్డనెత్తుకుని నడవమంటావ్?" అని వారం ముందే దెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా తమ్ముణ్ణి పిలిచి తీగలన్నీ నరికించి, ఎండుటాకు ఒక్కటి మిగలకుండా తగలబెట్టించాను.

మామగారు తిరిగొచ్చి, తోటలో చాలాసేపు నిలబడ్డారు. మర్నాడు జ్ఞానస్నానం విందులో ఒదీలియా మొక్కజొన్న తమాలేలు తింటూ, "అబ్బ, ఇన్నాళ్ళకు మనుషులు తిరిగే తోటలా ఉంది! ఎవరి పుణ్యం?" అంది.

"మా కోడలిది" అన్నారాయన. నేను పొంగిపోయాను, సిగ్గులేనిదాన్ని.

తరవాత నాలుగు రోజులు పొద్దున్నే వెళ్ళి చెట్లకేసి చూస్తూ కూర్చున్నారు. పిట్ట జాడే లేదు.

"కళ్ళు సరిగ్గా కుదరలేదేమో మావయ్యా" అన్నాను.

"కళ్ళు బానే ఉన్నాయమ్మాయ్. అది ఆ ఎండుటాకు చుట్టల్లో పురుగులేరుకుని తింటుంది. ఇంకేముందని ఉంటుందిక్కడ?"

"అయ్యో, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! చెబితే ముట్టుకునేదాన్నా?"

ఆయన తల దించుకున్నారు. "ఏమని చెప్పను? మీసాలొచ్చిన మగాడు పిట్ట కోసం తోట పాడుపెట్టుకుంటున్నాడంటే నవ్వరూ? సోమరి అంటే అననీలే అనుకున్నా."

ఆ ఏడు పిట్ట మళ్ళీ రాలేదు. ఇరవయ్యేళ్ళు ఆయన ఊరంతటిచేతా మాటపడ్డారు. నేను ఒక్క ఒదీలియా మాటకు ఆగలేకపోయాను.