ఇరవై మూడు గెలుపులు, ఒక అనుమానం

హన్మకొండ బట్టల బజారులో యమునకు ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర తెచ్చి కౌంటర్ మీద పరిస్తే దానికి సరిపోయే లైనింగ్, ఫాల్, జాకెట్ ముక్క తీసి ఇచ్చే దుకాణం. మూడు గోడల నిండా పైదాకా రంగుల తాన్లే. వచ్చినవాళ్ళు ఎక్కడ చూడాలో తెలియక తల తిప్పుతుంటే, యమున చీర అంచును రెండు వేళ్ళతో పట్టుకొని ఒక్కసారి చూసి, లేచి వెళ్ళి ఒకే ఒక తాను లాగుతుంది. చాలాసార్లు రెండోది లాగాల్సిన అవసరం రాదు.

నేను ఆమెను కలిసింది గుడ్డ ముక్క కోసం కాదు. నా పేరు సుదర్శన్. ఒక దినపత్రికకు హన్మకొండ విలేకరిని. ఏడాదిన్నరలో ఆరు క్యారమ్స్ టోర్నమెంట్లు ఆడి, ఆరూ గెలిచి, ఇరవై మూడు మ్యాచుల్లో ఒక్కటి కూడా ఓడని నలభై ఒక్క ఏళ్ళ దుకాణదారు అంటే మా జిల్లా పేజీకి మంచి వార్త. 'ఓటమి ఎరుగని యమున' అని శీర్షిక పెట్టాను. ఫ్రేముకు కొట్టి కాయిన్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ షాట్ ఆమె బ్రహ్మాస్త్రమని రాశాను. ఆమె చేతిలో ఏదో మహిమ ఉందని కూడా రాశాను.

పేపరు వచ్చిన రోజు పది గంటలకు ఫోన్ చేసింది.

"తమ్మీ, బాగ రాసినవ్. ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. నా చేతిల ఏందో ఉన్నదని రాసినవ్ గదా, అది నీకెట్ల తెలిసింది?"

"ఇరవై మూడు మ్యాచులు వరుసగా గెలిచినవ్ కదక్కా."

"గెలిచిన. అది నాకు ఎరుకే. ఎందుకు గెలిచిన్నో అడుగుతాన."

మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను.

యమునది మరిపెడ. తండ్రి కట్టయ్యకు ఖమ్మం రోడ్డు మీద సైకిల్ షాపు ఉండేది. పంక్చర్ కోసం వచ్చినవాళ్ళు విసుక్కోకుండా ఆయన చెట్టు నీడన ఒక క్యారమ్ బోర్డు వేశాడు. నాలుగో మనిషి తక్కువైనప్పుడల్లా యమునను కూర్చోబెట్టేవాళ్ళు. పదో తరగతికి వచ్చేసరికి ఆమె కూర్చుంటే మిగతా ముగ్గురూ జాగ్రత్తపడేవాళ్ళట. పెళ్ళయి హన్మకొండ వచ్చాక పద్దెనిమిదేళ్ళు బోర్డు ముట్టలేదు. ఒక వేసవిలో దుకాణం ముందు మురుగు మోరీ కోసం రోడ్డు తవ్వి పోశారు. గిరాకీ లేక ఈగలు తోలుకుంటూ కూర్చున్న రోజుల్లో ఎదురు గోడకు మహిళల క్యారమ్స్ పోటీ పోస్టరు కనిపించింది. ఎలాగూ ఖాళీనే కదా అని వెళ్ళింది. కప్పు పట్టుకొని వచ్చింది.

తర్వాత కాజీపేట, జనగామ, మహబూబాబాద్, కరీంనగర్, మళ్ళీ హన్మకొండ. నాలుగు ఫైనల్స్‌లో ఎదురుగా కూర్చున్నది ఒకే మనిషి, కాజీపేటలో ఒక బడిలో పీఈటీ టీచర్ శ్రీలత. నాలుగూ యమునే గెలిచింది.

గెలుపు దుకాణంలోకి కూడా వచ్చింది. పెళ్ళి బట్టలు కొనేవాళ్ళు, "నీ చెయ్యి మంచిదక్కా, మొదటి కత్తెర నువ్వే వెయ్యి" అనడం మొదలుపెట్టారు. భర్త ఓంప్రకాశ్ పోటీ ఉన్న రోజు ఆకుపచ్చ చీరే కట్టుకొమ్మంటాడు, పొద్దున ఉప్మానే చేయమంటాడు. బోర్డుకు తూర్పు వైపు కుర్చీ దొరికేలా నిర్వాహకులతో ముందే మాట్లాడి వస్తాడు.

"ఉప్మా తింటే గెలుస్త అంటే, తిని పడుకుంటే సరిపోతది గదా తమ్మీ, బోర్డు ఎందుకు?" అంది యమున. వెనకాల తాన్లు సర్దుతున్న ఓంప్రకాశ్ నవ్వలేదు.

ఆమె నాకు మూడు మ్యాచుల గురించి చెప్పింది. జనగామలో అవతలి మనిషి ఆఖరి కాయిన్ హోల్ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో వెంట్రుకవాసి కదిలితే యమున ఇంటికి. మహబూబాబాద్‌లో ఓడిపోతున్న సమయంలో కరెంటు పోయింది. నలభై నిమిషాల తర్వాత వచ్చేసరికి అవతలి ఆమె చేతిలో ఊపు పోయింది. కరీంనగర్ సెమీస్‌లో ఎదుటి అమ్మాయి మణికట్టు ముందురోజే బెణికింది.

"ఈ మూడు నాయి కావు. మిగిలిన ఇరవైల నాయి ఎన్ని? అది ఎవలు చెప్తరు?" అని గోడకున్న తాన్ల వైపు చూపించింది. "ఇక్కడ తాను గుంజకముందే నాకు తెలుస్తది, ఇదే అని. బోర్డు కాడ గట్ల తెల్వది. పడ్డంక తెలుస్తది. అందుకే అనుమానం."

భార్య చీరకు ఫాల్ తీసుకోవడానికి వచ్చి మా మాటలు వింటున్న పెద్దమనిషి ఒకాయన స్టూలు మీంచి కొంచెం ముందుకు జరిగాడు. సారంగపాణి గారు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు.

"అమ్మా, గెలుపులు లెక్కపెడితే మీకు జవాబు దొరకదు. గెలుపుల మీ పని, అవతలోళ్ళ పని, గాలి పని అన్ని కలిసి ఉంటయి. విడదీయాలె. ఒక షాట్ పట్టుకోండ్రి. కాయిన్ ఒక్క జాగలనే పెట్టి యాభైసార్లు కొట్టండ్రి. ఎన్ని పడ్డయో చూడండ్రి. మర్నాడు మళ్ళ గదే కొట్టండ్రి. ఇయ్యాల వచ్చిన అంకె రేపు కూడ వస్తే అది మీది. రేపు ఇంకోటొస్తే అది మీది కాదు."

యమున కత్తెర పక్కన పెట్టింది. "గంతేనా సార్?"

"గంతే. కాని జర ఓపిక కావాలె."

ఓపికకు ఆమె దగ్గర కొదవ లేదు. దుకాణం పదింటికి తెరుస్తారు. ఎనిమిదింటికే వచ్చి సగం షట్టర్ ఎత్తి, లోపల బోర్డు వేసుకొని కూర్చునేది. కాయిన్ పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు. నాలుగు రకాల షాట్లు, ఒక్కొక్కటి యాభైసార్లు. చీరల డబ్బాల అట్టల మీద అంకెలు. మూడు వారాలు అలా చేసింది. నేను రెండు రోజులు వెళ్ళి చూశాను. చూడటానికి అంతకన్నా విసుగు పుట్టించే పని ఉండదు. ఆమె ముఖంలో మాత్రం కొత్త రంగు తాను విప్పుతున్నప్పటి ఉత్సాహం.

అట్టలు తీసుకొని సారంగపాణి గారింటికి వెళ్ళేటప్పుడు నన్నూ రమ్మంది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని చదివారు. నేరుగా హోల్‌లోకి కొట్టే షాట్: నలభై నాలుగు, నలభై ఐదు, నలభై మూడు, నలభై నాలుగు. కాయిన్ అంచును తాకించి పక్కకు పంపే కట్ షాట్ కూడా ఇంచుమించు అలాగే, ముప్పై ఆరుకూ ముప్పై ఎనిమిదికీ మధ్య కదలకుండా ఉంది. రిటర్న్ షాట్ దగ్గరికి వచ్చేసరికి ఒకరోజు తొమ్మిది, మర్నాడు ఇరవై ఒకటి, ఆ మర్నాడు పన్నెండు. మొదట కొట్టే బ్రేక్‌లో ఎన్ని కాయిన్లు పడతాయో దానికి అంతూ పొంతూ లేదు.

"అయితే నా బ్రహ్మాస్త్రం..." అన్నాను.

"అది ఆమెది కాదు బాబూ. పడ్డప్పుడు మీరు చప్పట్లు కొట్టిండ్రు. పడనిది మీకు యాదికి లేదు. ఎవలూ చూడని సాదా షాట్ ఉన్నది సూడండ్రి, అది ఈమె సొత్తు."

పత్రికలో అచ్చయిన మాట గురించి నాకు కొంచెం సిగ్గేసింది. యమున మాత్రం అట్టను తిప్పి తిప్పి చూస్తోంది.

"సగం తెలిసింది సార్. ఒక్కదాన్నే కొడితే నేనేందో తెలిసింది. మనిషి ఎదురుంగ ఉన్నప్పుడో?"

"అట్లయితే ఎదురుంగ మనిషి కావాలె. మీకు సరిపోయే మనిషి."

ఆ రాత్రే శ్రీలతకు ఫోన్ చేసిందట. ఆదివారాలు దుకాణంలో ముప్పై గేములు ఆడదాం, పోటీ కాదు, కేవలం చూద్దామని. శ్రీలత వెంటనే ఒప్పుకోలేదు. తన ఆట లోపాలు పట్టుకోవడానికా అని అడిగింది. "నీవి, నావి రెండూ దొరుకుతయి. ఇద్దరం చూస్తం గదా" అంది యమున. ఓంప్రకాశ్ అడ్డం పడ్డాడు.

"గెలిచేది గెలుస్తానవ్. దాన్ని కెలుకుడెందుకు? ఓడిపోయేటామెను పిలిచి నేర్పుతవా?"

"నేర్పుత లేను. నాకు నేర్చుకోవాల్నని ఉన్నది."

ఐదు ఆదివారాలు, ఆరేసి గేములు. మొదట్లో శ్రీలత మాట్లాడేది కాదు. ముప్పై రెండేళ్ళ మనిషి, ఆటలు నేర్పే టీచరు, బోర్డు దగ్గర కూర్చుంటే భుజాలు బిగిసిపోయేవి. రెండో ఆదివారం నుంచి టీ తాగడం, మూడో ఆదివారం నుంచి తిట్టుకోవడం మొదలైంది. ముప్పయ్యో గేము అయ్యాక లెక్క చూస్తే యమున పద్దెనిమిది, శ్రీలత పన్నెండు.

సారంగపాణి గారు ఆ రోజు దుకాణంలోనే ఉన్నారు. "అంటే ఐదు గేములల్ల మూడు యమునవి, రెండు శ్రీలతవి. ముప్పై గేములు తక్కువే, అంత గట్టిగ చెప్పలేం. కాని ఇదే నిజమనుకుంటే, మూడు గేములల్ల రెండు గెలిస్తే మ్యాచ్ కాబట్టి, నాలుగు ఫైనల్స్ వరుసగ యమునే గెలవడం ఐదారుసార్లకు ఒకసారి జరిగేటిదే. అద్భుతం కాదు. మామూలు కూడ కాదు."

శ్రీలత బోర్డు మీది పౌడర్‌ను వేలితో ఒక మూలకు జరిపింది.

"అక్కా, నాలుగోసారి ఓడిపోయినంక ఇంటికి పోయి స్ట్రైకర్ అల్మారల పెట్టి తాళమేసిన. నీ ముంగట నేను జన్మల గెల్వ అనుకున్న. బడిల పిల్లలకు ధైర్యం చెప్పేటప్పుడు నాకే నవ్వొచ్చేది. పన్నెండు గెలిచిన్నా నేను?"

"పన్నెండు. నేను ఊకెనే ఇయ్యలే."

శ్రీలత కళ్ళు తుడుచుకుంది. యమున టీ పోసింది. తన గెలుపుల అవతలి వైపు ఒక మనిషి తాళం వేసుకొని కూర్చుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తర్వాత నాతో అంది, "నేను నా అదృష్టం సంగతే ఆలోచించిన తమ్మీ. ఆమె దురదృష్టం కూడ అండ్లనే ఉన్నదని సోయి రాలే."

ఏప్రిల్‌లో వరంగల్‌లోనే పోటీ వచ్చింది. ఒక ఫంక్షన్ హాలు, పౌడర్ లేవకుండా ఫ్యాన్లు ఆపేశారు, చెమటలు. యమున ఆకుపచ్చ చీర కట్టుకోలేదు, ఉప్మా తినలేదు, ఏ కుర్చీ ఇస్తే అందులో కూర్చుంది. మూడు మ్యాచులు గెలిచింది. గెలుపులు ఇరవై ఆరయ్యాయి. ఫైనల్లో మళ్ళీ శ్రీలత.

చెరొక గేము గెలిచారు. మూడో గేములో ఇరవై, ఇరవై. ఇరవై ఐదు చేసినవాళ్ళది మ్యాచ్. బోర్డు మీద యమునవి రెండు నల్లవి, శ్రీలతది ఒక తెల్లది, మధ్యలో రెడ్. రెడ్ తీసి వెంటనే తన కాయిన్ కూడా వేయగలిగితే రెడ్‌కు మూడు, యమునకు మిగిలిపోయిన రెండు కాయిన్లకు రెండు, మొత్తం శ్రీలతకు ఐదు పాయింట్లు. వంతు మాత్రం యమునది. ఎదురుగా నేరుగా హోల్‌లోకి వెళ్ళే సాదా షాట్. యాభైలో నలభై నాలుగుసార్లు పడేది. ఆ రోజు మిగిలిన ఆరింటిలో ఒకటయింది.

శ్రీలత భుజాలు ఈసారి బిగిసిపోలేదు. స్ట్రైకర్ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. రెడ్ పడింది. వెంటనే తెల్లది పడింది. హాలంతా ఒక్కసారి లేచింది. యమున అందరికన్నా ముందు చెయ్యి చాచింది. నేను ఆమె ముఖంలో బాధ వెతికాను. ఉంది, కానీ బాధ వెనకాలే ఏదో లెక్క కూడా నడుస్తున్నట్టు కళ్ళు బోర్డు మీదే ఉన్నాయి.

మర్నాటి నుంచి బజారు తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది. దిష్టి తగిలిందన్నారు. పేపర్లో ఫొటో వేయడం వల్లే అన్నారు, అది నాకూ తగిలింది. వయసు అన్నారు. ఓంప్రకాశ్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒక పెళ్ళికూతురి తల్లి, "కత్తెర అన్నతోని వేయించక్కా" అంది. ఓంప్రకాశ్ కత్తెర అందుకున్నాడు కానీ ఎందుకో గుడ్డ మీద పెట్టలేకపోయాడు.

"ఈ చెయ్యే నీకు లైనింగ్ తీసిచ్చింది గదమ్మా" అని కత్తెర మళ్ళీ భార్యకు ఇచ్చేశాడు. ఆ తల్లి సరేనంది. ఆ సాయంత్రం నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు మొదలయ్యాయని యమునే చెప్పింది.

తర్వాతి ఏడాదిలో చుట్టుపక్కల ఐదు పోటీలు జరిగాయి. యమున మూడు గెలిచింది, శ్రీలత ఒకటి, ఖమ్మం నుంచి వచ్చిన ఒకామె ఒకటి. సారంగపాణి గారికి ఈ అంకెలు చెబితే, "ఇదీ ఆమె అసలు ఎత్తు. ఇరవై ఆరు అంటే ఆ ఎత్తు మీద నిలబడి మునివేళ్ళ మీద లేచినట్టు. లేచింది నిజమే, నిలబడ్డదీ నిజమే" అన్నారు. రిటర్న్ షాట్‌ను యమున అవసరమైతే తప్ప కొట్టడం మానేసింది. దానికోసం చప్పట్లు కొట్టేవాళ్ళు కొంత నిరుత్సాహపడ్డారు.

మొన్న జనవరిలో నిజామాబాద్‌లో రాష్ట్రస్థాయి పోటీలకు యమున, శ్రీలత కలిసి వెళ్ళారు. వార్త కోసం నేనూ అదే బస్సులో వెళ్ళాను. శ్రీలత మొదటి రౌండ్‌లోనే ఓడింది. యమున క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి, అక్షర అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి చేతిలో రెండు గేముల్లోనూ ఓడింది. ఆ అమ్మాయి రిటర్న్ షాట్లు ఐదు కొడితే నాలుగు పడ్డాయి.

తిరుగు బస్సు కరీంనగర్ దాటింది. అప్పుడు యమున హఠాత్తుగా శ్రీలత వైపు తిరిగింది.

"అక్షరకు రిటర్న్ షాట్లు ఇయ్యాల తగిలినయా, రోజూ తగుల్తయా?"

"నాకేం తెలుసక్కా."

"ఫోన్ నంబర్ తీస్కున్న. సెలవులల్ల హన్మకొండకు వస్తవా బిడ్డా, వారం రోజులు మా ఇంట్లనే ఉందువు అన్న. అమ్మనడిగి చెప్తన్నది."

శ్రీలత నవ్వింది. యమున ముందు సీటు వెనకభాగం మీద వేలితో ఒక చదరం గీసి, అక్షర స్ట్రైకర్ ఎక్కడ పెట్టిందో, కాయిన్ ఏ ఫ్రేముకు తగిలి ఎటు వచ్చిందో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. శ్రీలత అది అక్కడ కాదని ఆమె వేలిని కొంచెం ఎడమకు జరిపింది.