ముక్కు చెప్పిన మాట

మా ఆయన్ని పనివాళ్లంతా ‘ముక్కు’ అనే పిలిచేవారు. మ్యాన్‌హోల్ మూత తీయగానే ముందు ఆయనే వంగి వాసన చూసేవాడు. కుళ్లిన గుడ్ల కంపు కొడితే లోపల విషవాయువు ఉన్నట్టే, ఎవరూ దిగరు. కొట్టకపోతే “దిగండి” అనేవాడు. గాలిని కొలిచే మిషను ఆఫీసులో లేకపోలేదు. వాడితే పాడవుతుందని ఆ మహానుభావులు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇరవై ఏళ్లు ముఠా అంతా ఆయన ముక్కునే నమ్ముకుని బతికింది. అది ఆయనకూ కాస్త తలకెక్కింది. ఇంట్లో గిన్నె మూత తీయకుండానే కూరలో ఉప్పు తక్కువైందనేవాడు. ఉప్పుకి వాసనేంటయ్యా అంటే, నీకేం తెలుసని మీసం దువ్వేవాడు.

ఒక ఆదివారం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి పొయ్యి మీద పాలు ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడింది. ఆయన అటు వీపు పెట్టి, రెండడుగుల దూరంలో తాపీగా గడ్డం గీసుకుంటున్నాడు.

“మాడు వాసన రావట్లేదా?”

ఆయన కత్తి కడిగి పక్కన పెట్టాడు. “మూణ్ణెల్లయింది. ఏ వాసనా రావట్లేదు. ఆ గాలి పీల్చీ పీల్చీ ముక్కు చచ్చిపోయింది.”

“మరి వాళ్లకి చెప్పవా?”

“చెప్తే నన్నెందుకు పిలుస్తారు? మోకాళ్లు పోయాయి, దిగలేను. మూత తీశాక గంటసేపు ఆగమంటున్నాలే. ఇంతవరకూ ఏం కాలేదుగా.”

నేనూ నోరు మూసుకున్నాను. ఇల్లు గడవాలి కదా. సిగ్గు విడిచి చెబుతున్నాను.

మంగళవారం పొద్దున మా తమ్ముడు వచ్చాడు. వాడిదీ అదే ముఠా. టీ తాగుతూ, “ఏంటక్కా, ఉప్పు తక్కువైందని బావ ఇంకా సాధిస్తున్నాడా?” అని నవ్వాడు. మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. “జాగ్రత్తరా” అన్నాను, రోజూ అన్నట్టే.

ఆ రోజు పైఅధికారి తొందరపెట్టి గంట ఆగనివ్వలేదట. “బావా, దిగనా?” అని తమ్ముడు అడిగాడట. ఈయన వంగి, వాసన చూసి, “దిగు” అన్నాడట. నాలుగో మెట్టు దగ్గరే వాడి చేతులు పట్టు తప్పాయి. తాడు లాగి పైకి తీసేసరికి ప్రాణం లేదు.

ముక్కుకి వాసన తగలకపోవడమేమిటని అందరూ ఆశ్చర్యపోయారు. ఈసారి వాసన లేని గాలేదో వచ్చిందని వాళ్లే తేల్చుకున్నారు. ఆఫీసువాళ్లూ కాగితంలో అలాగే రాసుకున్నారు. మా మరదలు నా ఒళ్లో తల పెట్టి, “అన్నయ్య చూసే పంపాడు కదా వదినా?” అని ఏడ్చింది.

“చూసే పంపాడమ్మా” అన్నాను. మూలన కూర్చున్న ఆయన తలెత్తి నన్ను చూశాడు.

పది రోజులకు ముఠావాళ్లు వచ్చి ఆయన్ని మళ్లీ పనికి పిలిచారు. ఆయన చెప్పులు వేసుకున్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఈసారి కూడా ఏమీ చెప్పలేదు.