చెల్లెలి వీధిలోకి వెళ్ళిన లారీ

మురుగునీటి శుద్ధి కేంద్రంలో అతన్ని అందరూ పిండిమేస్త్రి అనేవారు. నీరు శుభ్రపడి వెళ్ళిపోయాక అడుగున మిగిలే బురదను యంత్రంలో పిండించడం అతని పని. ఆ పేరు విని వంటవాడనుకొని ఒకాయన పెళ్ళి వంటకు బేరమాడాడు కూడా.

ఎంత పిండినా ఆ బురదలో అయిదింట నాలుగు వంతులు నీళ్ళే. లారీ కదిలితే చాలు, వెనక తలుపు సందుల్లోంచి కారేది. లారీలు పోయే దారిలోనే అతని చెల్లెలి ఇల్లు. ఒక వానాకాలం ఆ జారుడులో ఆమె భర్త స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చిన అన్నతో ఆమె ఒకే మాట అంది.

"నీ బురద నా గుమ్మం ముందు కారినన్నాళ్ళూ నా గడప తొక్కకు అన్నయ్యా."

కోపంలో అన్న మాటే. కానీ ఇద్దరిదీ ఒకటే మొండితనం. తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. చిన్నప్పుడు తల్లి లేని ఆ చెల్లెలికి జడలు వేసి బడికి పంపినవాడు అతనే. రోజూ లారీ డ్రైవరును అడిగేవాడు, ఆ ఇంటి కిటికీ తెరిచి ఉందా అని. తెరిచే ఉందంటే ఆ పూట అన్నం సయించేది.

అలా ఉండగా ఒక ఇంజనీరమ్మ కొత్త యంత్రంతో వచ్చింది. రెండు లోహపు పలకల మధ్య బురద పెట్టి కరెంటు పంపితే, నీరు ఒక పలక వైపు జరిగి బయటికి కారిపోతుందంది. మొదటి పది నిమిషాలు అలాగే జరిగేది. తర్వాత కరెంటు పారడం మానేసేది. నెల తిరిగినా అంతే. యంత్రాన్ని వెనక్కి పంపేద్దామన్నారు పైవాళ్ళు.

పిండిమేస్త్రికి మాత్రం మనసొప్పలేదు. పలకల మధ్య గట్టిపడిన బురద దిమ్మను తీయబోతూ వంగి చూశాడు. నీరు వదిలిపోయిన వైపు బురద పెళుసుగా ఎండి, పలకకూ దానికీ మధ్య గోరు పట్టేంత సందు.

"ఆరేకొద్దీ ఇది కుంచించుకుపోతోందమ్మా. పలకేమో ఉన్నచోటే ఉంటోంది. అది కూడా వెంట దిగాలి," అన్నాడు.

ఆమె పలక దిగుతూ నొక్కేలా మార్పించింది. ఇంకో నెల తంటాలు పడ్డాక బురద బరువు సగానికి తగ్గి, దిమ్మలు పెళ్ళలుగా విరిగాయి.

మొదటి లారీలో డ్రైవరు పక్కన అతనూ ఎక్కాడు. చెల్లెలి ఇంటి ముందు దిగి, లారీ వచ్చిన దారంతా చూశాడు. ఒక్క చుక్క లేదు. తలుపు తట్టబోతుంటే వెనకే దిగివచ్చిన డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్ళు ఇల్లు మారి ఏడాదైంది మేస్త్రీ. కిటికీ తెరిచే ఉండేది, అబద్ధం చెప్పలేదు. తెరిచేది వేరేవాళ్ళు."

ఆ వేరేవాళ్ళనే అడిగి చిరునామా తీసుకొని, ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళాడు. తలుపు తీసిన చెల్లెలికి చెంపలు నెరిశాయి. అతను కరెంటు గురించీ పలకల గురించీ గడగడా చెప్పుకుపోయాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నేనన్న మాట పట్టుకొని ఇన్నేళ్ళు కూర్చున్నావా? ఇల్లు మారిన రోజు ఎవరైనా నీకు చెప్పకపోతారా, నువ్వు రాకపోతావా అని, సాయంత్రం దాకా సామాను ఎక్కించనివ్వలేదు నేను," అంది.

ఆమె కంచం పెట్టింది. తిన్నాక లేవబోతే, బస్సులు చాలా ఉన్నాయి, కూర్చోమంది.